24 వోల్టుల నుంచి 12కు మారే చోటే బోర్డు కాలుతోంది

సంపాదకులకు నమస్కారం.

మన నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు పిల్లలు చేసిన ప్రాజెక్టుల వార్తలు మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు వస్తుంటాయి. ఫోన్ నొక్కితే తెరుచుకునే డ్రిప్పు వాల్వు, నేల తడి చూసి తనంతట తానే నీళ్లు వదిలే పెట్టె, ఇట్లాంటివి. చదివినప్పుడల్లా సంతోషం వేస్తుంది. నేను నల్లగొండలో ఎలక్ట్రానిక్ బోర్డులు రిపేరు చేసుకుని బతికేవాణ్ని, బత్తాయి తోటల నుంచి ఆ పెట్టెలే చెడిపోయి నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో చాలావరకు ఒకే చోట, ఒకే కారణంతో కాలి ఉంటున్నాయి. వార్తలో ఫోటో ఉంటుంది, పిల్లవాడి పేరు, ఊరు ఉంటాయి, సర్క్యూట్ మాత్రం ఉండదు. అది చూసి ఇంకో ఊళ్లో ఇంకొకరు ఫోన్లో దొరికిన ఏదో బొమ్మ పట్టుకుని అదే తప్పుతో మళ్లీ కడతారు. వాల్వుకు ఇచ్చే వోల్టేజీని 24 నుంచి 12కు మార్చే చోట జరుగుతున్న ఆ తప్పు ఏమిటో నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను, కాస్త పెద్దదే అయ్యింది, దయచేసి చదవండి.

అసలు ఈ పెట్టెలో రెండు వోల్టేజీలు ఎందుకో ముందు చెప్పాలి. డ్రిప్పు లైన్లో పెట్టే డీసీ సోలినాయిడ్ వాల్వు లోపల రాగి తీగ చుట్టిన కాయిల్, దాని మధ్యలో కదిలే చిన్న ఇనుప కడ్డీ ఉంటాయి. కడ్డీ కిందికి జారి ఉన్నప్పుడు దాన్ని లాగాలంటే ఎక్కువ కరెంటు కావాలి. ఒకసారి లోపలికి వచ్చి అతుక్కున్నాక మధ్యలో ఉన్న గాలి సందు పోతుంది, ఇక పట్టి ఉంచడానికి అందులో సగం కూడా సరిపోతుంది. 24 వోల్టుల కాయిల్ ఒకటి తీసుకుని మీటరు పెడితే 48 ఓమ్‌లు చూపించిందనుకోండి. 24 ఇస్తే అర ఆంపియర్ లాగుతుంది, అంటే 12 వాట్లు. కడ్డీ అతుక్కున్నాక దాన్నే 12కు దించితే పావు ఆంపియర్, 3 వాట్లు. వోల్టేజీ సగమైతే వేడి నాలుగో వంతు అవుతుంది. ఇది చిన్న తేడా కాదు. రాత్రి ఆరు గంటలు ఒక్క వాల్వు తెరిచి ఉంచితే మొదటి పద్ధతిలో 72 వాట్ అవర్లు పోతాయి, రెండో దాంట్లో 18. పెట్టెల్లో సాధారణంగా వాడే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు కలిపినా 168 వాట్ అవర్లే, అంటే ఒక్క వాల్వే దాదాపు సగం బ్యాటరీ తాగేస్తుంది. సోలార్ ప్లేటు చిన్నది పెట్టి, వాల్వులు నాలుగు పెట్టుకున్న రైతు పొద్దున లేచి చూస్తే పెట్టె చచ్చిపోయి ఉంటుంది. ఏసీ వాల్వులకు ఈ బాధ అంతగా లేదు, ఎందుకంటే కడ్డీ లోపలికి రాగానే కాయిల్ ఇండక్టెన్స్, అంటే ఏసీకి అడ్డుపడే గుణం, పెరిగి కరెంటు దానంతట అదే తగ్గుతుంది. డీసీలో ఆ పని మనమే చేయాలి.

పోనీ మొదటి నుంచీ 12 ఇస్తే పోలేదా అంటే, లాగదు. మన తోటల్లో పెట్టె ఒక చోట, వాల్వు ఒక చోట ఉంటాయి. 200 మీటర్ల దూరానికి తీగ పోనూ రానూ 400 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 12 ఓమ్‌ల చిల్లర రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి దారిలోనే దాదాపు 5 ఓమ్‌లు, అంటే లాగే సమయంలో రెండు వోల్టులకు పైగా తీగలోనే పోతాయి. దానికి తోడు మే నెలలో మన ఎండ. రాగి వేడెక్కితే ప్రతి డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది, 50 డిగ్రీలు పెరిగితే దాదాపు 20 శాతం. పొద్దున లాగిన వాల్వు మధ్యాహ్నం లాగలేదంటే వాల్వు చెడిపోయిందని కొత్తది కొంటారు, చాలాసార్లు కారణం ఇదే. అందుకే లాగడానికి నిండు 24, పట్టడానికి 12. ఆలోచన మంచిదే, మన పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారు.

చిక్కంతా ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చే చోట వస్తోంది.

పెట్టెకు మెదడు లాంటి కంట్రోలర్ బోర్డు ఆర్డ్యూనో అయినా, ఈఎస్‌పీ 32 అయినా దాని పిన్ను ఇచ్చేది 5 వోల్టులో 3.3 వోల్టులో. మార్చాల్సినవేమో 12, 24. మాస్ఫెట్ అంటే కరెంటును తెరిచి మూసే స్విచ్చు లాంటిది, దానికి గేటు, సోర్స్, డ్రెయిన్ అని మూడు కాళ్లు, గేటుకు ఇచ్చే వోల్టేజీని బట్టి మిగతా రెండు కాళ్ల మధ్య దారి తెరుచుకుంటుంది. పిన్నును నేరుగా ఆ గేటుకు కట్టి 24ను నడుపుదామని చూస్తారు. వాల్వుకు కింది వైపు, అంటే నెగెటివ్ వైపు, ఎన్ చానల్ మాస్ఫెట్ పెడితే కొంతవరకు సాధ్యమే, కానీ అక్కడ కూడా ఒక పొరపాటు ఎక్కువగా చూస్తున్నాను. ఐఆర్ఎఫ్ 540 ఎన్ పెడతారు, ఎందుకంటే ఎక్కడైనా దొరుకుతుంది. అది పూర్తిగా తెరుచుకోవాలంటే గేటుకు 10 వోల్టులు కావాలి. 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడో అది కదలడం మొదలవుతుంది, అంతే. 3.3 ఇస్తే సగం తెరుచుకుని తనే వేడెక్కి కూర్చుంటుంది. ఐఆర్ఎల్‌జెడ్ 44 ఎన్ లాంటి, పేరులో ఎల్ ఉన్న లాజిక్ లెవల్ రకం కావాలి. దాని డేటా షీటులో 4, 5 వోల్టుల గేటుకు విలువలు ఇచ్చారు, కాబట్టి 5 వోల్టుల బోర్డుకు నిశ్చింతగా సరిపోతుంది. 3.3 బోర్డుకు అర ఆంపియర్ వరకు నడుస్తుంది గానీ, కట్టే ముందు చేత్తో తాకి వేడి చూసుకోండి.

పై వైపు, అంటే పాజిటివ్ లైనును తెరిచి మూయాలంటే పీ చానల్ మాస్ఫెట్ కావాలి, ఐఆర్ఎఫ్ 9540 లాంటిది. దాని సోర్స్ 24 మీద ఉంటుంది కాబట్టి ఆపాలంటే గేటు కూడా 24కు లేవాలి. మన బోర్డు పిన్నుకు ఆ 24 తగిలితే బోర్డు అక్కడికక్కడే పోతుంది. అందుకని మధ్యలో బీసీ 547 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ పెడతారు, పిన్ను దాని బేసు కాలును నడుపుతుంది, దాని కలెక్టరు కాలు గేటును కిందికి లాగుతుంది. ఇక్కడి వరకు చాలామంది వస్తారు. కానీ ఆ ట్రాన్సిస్టర్ గేటును నేరుగా సున్నాకు లాగేస్తే గేటుకూ సోర్సుకూ మధ్య నిండు 24 పడుతుంది. ఈ మాస్ఫెట్ గేటు తట్టుకునేది 20 మాత్రమే. గేటు కింద ఉండే గాజు లాంటి పొర చిల్లు పడిందంటే ఇక అది ఆన్‌లోనే ఉండిపోతుంది, లేదా అసలు ఆన్ కాదు. బ్యాటరీ నిండుగా చార్జవుతున్నప్పుడు ఆ 24 కాస్తా 28.8 అవుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. దీనికి మందు తేలిక. గేటు నుంచి సోర్సుకు 10 కిలో ఓమ్‌లు, గేటు నుంచి ట్రాన్సిస్టర్ కలెక్టరుకు ఇంకో 10 కిలో ఓమ్‌లు. వోల్టేజీ రెండుగా పంచుకుని గేటు మీద 12 పడుతుంది, చార్జింగ్ సమయంలో 14.4. భద్రత కోసం గేటు, సోర్సుల మధ్య వోల్టేజీ 15 దాటకుండా అడ్డుకునే 15 వోల్టుల జీనర్ ఒకటి. ట్రాన్సిస్టర్ బేసు నుంచి గ్రౌండుకు కూడా 10 కిలో ఓమ్‌లు వేయాలి, ఎందుకంటే ఈఎస్‌పీ బోర్డు స్టార్టయ్యేటప్పుడు కొన్ని పిన్నులు మనం చెప్పకుండానే కాసేపు పైకి లేస్తాయి, కొన్ని గాల్లో ఉంటాయి. అలాంటి పిన్నులకు వాల్వులు కట్టకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. 24కు ఒక పీ చానల్ మాస్ఫెట్, 12కు ఇంకోటి, ఒకదాని సోర్స్ 24కు, రెండోదాని సోర్స్ 12కు, రెండింటి డ్రెయిన్‌లు కలిపి వాల్వుకు. బొమ్మ చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది, ఒకటి ఆన్ చేస్తే రెండోది ఆఫ్ అని ప్రోగ్రాములో కూడా రాస్తారు, మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల గ్యాప్ కూడా పెడతారు. అయినా కాలుతుంది. ఎందుకంటే ప్రతి పవర్ మాస్ఫెట్ లోపలా తయారీలోనే ఒక డయోడ్, అంటే కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే తలుపు లాంటిది, ఉంటుంది, పీ చానల్‌లో అది డ్రెయిన్ నుంచి సోర్సుకు పోయే దిక్కున ఉంటుంది. 24 వైపు మాస్ఫెట్ ఆన్ కాగానే కలిపిన డ్రెయిన్ల దగ్గర 24 ఉంటుంది, 12 వైపు సోర్స్ దగ్గర 12 ఉంటుంది. పైన ఎక్కువ, కింద తక్కువ, మధ్యలో డయోడ్. గేటును మీరు ఎంత గట్టిగా ఆపినా ఆ డయోడ్‌కు గేటుతో పనిలేదు, తెరుచుకుంటుంది. 24 నేరుగా 12 లైనులోకి దూకుతుంది. చాలా బొమ్మల్లో ఆ డయోడ్ గుర్తు గీయరు, గీసినా చిన్న గీతలా ఉండి ఎవరూ పట్టించుకోరు.

12 లైను మీద ఏముంటాయో చూడండి. కంట్రోలర్‌కు 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్, సిమ్ కార్డు మాడ్యూల్‌కు పోయే సప్లై, 16 వోల్టుల కెపాసిటర్లు. 16 అని రాసి ఉన్న కెపాసిటర్ మీద 23 పడితే అది నెత్తి ఉబ్బి పగులుతుంది. నా దగ్గరికి వచ్చే బోర్డుల్లో మొదట కనపడేది ఆ ఉబ్బిన కెపాసిటరే. దాన్ని మార్చి ఇచ్చేస్తే పెట్టె ఆ పూట నడుస్తుంది, రైతు సంబరంగా తీసుకుపోతాడు, వాల్వు లాగినప్పుడల్లా మళ్లీ అదే దెబ్బ తగులుతూ వారం పది రోజులకు తిరిగి వస్తుంది. అందుకని రిపేరు చేసే తోటి మెకానిక్‌లకు కూడా నా మనవి, కెపాసిటర్ ఒక్కటే మార్చి పంపకండి, 12 వైపు ఏం పెట్టారో చూడండి. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, విడి మాస్ఫెట్ డ్రెయిన్, సోర్సుల మధ్య అటొకసారి ఇటొకసారి పెడితే ఒక వైపు అర వోల్టు అటూ ఇటుగా చూపిస్తుంది. అదే ఆ డయోడ్. ఏ కుర్రవాడికైనా ఇది ఒక్కసారి చేయించి చూపిస్తే జన్మలో మరచిపోడు.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చు లేదు, నిజానికి ఖర్చు తగ్గుతుంది. 12 వైపు మాస్ఫెట్టే వద్దు. దాని చోట 1ఎన్5822 లాంటి షాట్కీ డయోడ్ ఒక్కటి, 12 నుంచి వాల్వు దిక్కుగా. 24కు మాత్రం పైన చెప్పిన పీ చానల్ మాస్ఫెట్. ఇక ఏం జరుగుతుందంటే, 24 ఆన్ కాగానే వాల్వు దగ్గర 24 వస్తుంది, డయోడ్ వెనక 12 ఉంది కాబట్టి అది తనంతట తానే మూసుకుంటుంది. 24 ఆఫ్ కాగానే వోల్టేజీ కిందికి జారుతూ 12 దగ్గరికి రాగానే డయోడ్ తెరుచుకుని పట్టుకుంటుంది. మధ్యలో కరెంటు తెగదు, కడ్డీ జారదు, రెండూ ఒకేసారి కలిసే మాటే ఉండదు, ప్రోగ్రాములో గ్యాప్ రాయాల్సిన పనీ లేదు. డయోడ్‌లో పోయేది 0.3, 0.4 వోల్టులు, పట్టి ఉంచే పనికి దాంతో నష్టం లేదు. మొత్తం వాల్వును ఆపడానికి కింది వైపు ఎన్ చానల్ మాస్ఫెట్ ఒకటి ఎలాగూ ఉంటుంది. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 ఒకటి, గీత ఉన్న వైపు పాజిటివ్‌కు. ఇది పెట్టకపోతే వాల్వు ఆపిన ప్రతిసారీ కాయిల్ విసిరే వోల్టేజీ ఆ మాస్ఫెట్‌ను కొడుతుంది. డయోడ్ పెడితే వాల్వు మూసుకోవడం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుందని కొందరంటారు, నీళ్ల పనికి అదొక లెక్క కాదు.

డయోడ్‌లో పోయే ఆ కాస్త కూడా వద్దు, కరెంటు ఎక్కువ కావాలి అనేవాళ్లు 12 వైపు రెండు పీ చానల్ మాస్ఫెట్‌లను ఎదురెదురుగా, సోర్సులు కలిపి పెట్టాలి. అప్పుడు లోపలి డయోడ్‌లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. కానీ అక్కడ 24 వైపు, 12 వైపు రెండూ ఒకేసారి ఆన్ కాకుండా చూసే బాధ్యత మళ్లీ మన మీద పడుతుంది, పైగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో గేటు ఖాళీ కావడానికి వంద మైక్రోసెకన్లకు అటూ ఇటుగా పడుతుంది, కాబట్టి ఆఫ్ అని చెప్పిన వెంటనే ఆఫ్ కాదు. బత్తాయి తోట వాల్వుకు ఇంత అవసరం లేదని నా అభిప్రాయం.

ఇంకా తేలిక దారి రిలే. మూడు కాళ్ల కాంటాక్టు ఉన్న చేంజోవర్ రిలే, కామన్ వాల్వుకు, మామూలుగా కలిసి ఉండే కాలు 12కు, లాగినప్పుడు కలిసే కాలు 24కు. ఒకేసారి రెండింటికీ తగలడం దాని కట్టుబడిలోనే లేదు. లాగే అర సెకనే రిలే ఆన్‌లో ఉంటుంది, తర్వాత ఆఫ్, కాబట్టి అది తినే కరెంటు కూడా లేనట్టే. ఒక కాలు వదిలి ఇంకో కాలు పట్టే మధ్య కొన్ని మిల్లీసెకన్లు ఖాళీ ఉంటుంది, కాయిల్‌కు అడ్డంగా పెట్టిన డయోడ్ ఆ కాసేపు కరెంటును తిప్పుతూ కడ్డీని పట్టి ఉంచుతుంది. ట్రాక్టర్, ఆటో సామాన్ల షాపుల్లో దొరికే అయిదు కాళ్ల రిలే కూడా పనికొస్తుంది, దాని కాయిల్ 12దే కాబట్టి 12 లైను నుంచే నడపొచ్చు. రిలే అంటే పాతకాలం సరుకని పిల్లలు చిన్నచూపు చూస్తున్నారు. దుమ్ము, చీమలు పెట్టెలోకి పోకుండా చూసుకుంటే ఏళ్లకేళ్లు నడుస్తుంది, చెడిపోతే ఊళ్లోనే మార్చుకోవచ్చు. మాస్ఫెట్ అయితే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా పోవాల్సి వస్తుంది.

12 ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది ఇంకో పెద్ద తప్పు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కట్టి 24 చేస్తారు, మధ్య నుంచి ఒక తీగ లాగి అదే 12 అంటారు. చేతికి అందేంత దగ్గర్లో ఉంది కదా అని. కానీ అప్పుడు కింది బ్యాటరీ ఒక్కటే గంటల తరబడి వాల్వును మోస్తుంది, పైది ఊరికే ఉంటుంది. పొద్దున చార్జర్‌కు కనపడేది రెండూ కలిపిన మొత్తమే. పైది తొందరగా నిండి 14.4 దాటి పోతుంది, కిందిది సగం నిండకుండానే చార్జింగ్ ఆగుతుంది. కొన్ని నెలల్లో పైది ఎండిపోయి, కిందిది సల్ఫేట్ పట్టి, రెండూ పోతాయి. రైతు బ్యాటరీ కంపెనీని తిడతాడు, వాళ్ల తప్పేం లేదు. 24 నుంచి 12 తీయడానికి ఎల్ఎం 2596 లాంటి బక్ కన్వర్టర్ పెట్టాలి, అది 3 ఆంపియర్ల దాకా ఇస్తుంది, ధర ఎక్కువ కాదు. కాకపోతే దాన్ని బ్యాటరీ నుంచి నడపాలి, సోలార్ ప్లేటు నుంచి నేరుగా కాదు. అది తట్టుకునేది 40 వోల్టులు, 72 సెల్లుల ప్లేటు లోడు లేనప్పుడు 45 దాకా చూపిస్తుంది. చార్జ్ కంట్రోలర్ లేకుండా ప్లేటును పెట్టెకు కట్టేవాళ్లున్నారు, అందుకే రాస్తున్నా. బీసీ 547 కూడా 45కే చేతులెత్తేస్తుంది.

కాయిల్ ఎంచుకోవడంలో కూడా ఒక మాట ఉంది. 24 కాయిల్ తీసుకుని 12తో పట్టి ఉంచడం ఒక దారి, 12 కాయిల్‌ను 24తో కొట్టి లాగి 12తో పట్టడం ఇంకో దారి. రెండోది లాగడానికి భలేగా ఉంటుంది, వాల్వు టక్కున తెరుచుకుంటుంది. కానీ కంట్రోలర్ సరిగ్గా ఆ లాగే క్షణంలో హ్యాంగ్ అయ్యి 24 అలాగే ఉండిపోతే? 12 వోల్టులకు 12 వాట్ల కాయిల్ 24 దగ్గర 48 వాట్లు తింటుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, ఎండు గడ్డి పక్కన అది మంచిది కాదు. 24 కాయిల్ అయితే 24 మీద ఎంతసేపున్నా బ్యాటరీ దిగుతుంది తప్ప ఏమీ కాదు. పిడుగులు, మోటరు స్టార్టర్ కుదుపులు ఉండే చోట కంట్రోలర్ ఎప్పుడో ఒకప్పుడు హ్యాంగ్ అవుతుందనుకునే కట్టాలి. నా ఓటు ఎప్పుడూ 24 కాయిల్‌కే.

ఇదంతా చదివి, రెండో వోల్టేజీ ఎందుకు, ఒక్క 24నే సెకనుకు వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తే సగటున 12 వస్తుంది కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. సరైన ప్రశ్నే. సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్, కాయిల్‌కు డయోడ్ ఉంటే కరెంటు నున్నగానే పోతుంది, బక్ కన్వర్టర్ ఖర్చు కూడా మిగులుతుంది. పెట్టె పక్కనే వాల్వు ఉంటే నేనూ అదే చేయమంటాను. 200 మీటర్ల తీగ మీద ఆ వేగంతో తెరిచి మూస్తుంటే తీగంతా రేడియోలా గోల చేస్తుంది, పక్కనే ఉన్న నేల తడి సెన్సార్ తప్పు లెక్కలు చూపిస్తుంది. దగ్గరి వాల్వుకైనా ఆ ఆన్ ఆఫ్ పని కింది ఎన్ చానల్ మాస్ఫెట్‌తో చేయాలి, పైనున్న పీ చానల్‌తో కాదు, ఆ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల మీద అది అంత వేగం అందుకోలేదు.

ఈ రెండు వోల్టేజీల మధ్య మార్పిడి మన దగ్గర కొత్త విద్య కాదని కూడా చెప్పాలి. పెద్ద మోటార్లకు కట్టే స్టార్ డెల్టా స్టార్టర్ చేసేది ఇదే. మోటరు వైండింగ్‌లను స్టార్, డెల్టా అని రెండు రకాలుగా కలుపుతుంది, స్టార్‌లో ఉన్నప్పుడు ఒక్కో వైండింగ్‌కు 240 అందుతుంది, మోటరు వేగం అందుకున్నాక డెల్టాకు మారి నిండు 415 అందుతుంది. స్టార్ కాంటాక్టరు, డెల్టా కాంటాక్టరు రెండూ ఒకేసారి పట్టాయంటే మూడు ఫేజులూ షార్టే, అందుకే ఒకటి పూర్తిగా వదిలితే తప్ప రెండోది పట్టకుండా ఇంటర్‌లాక్ పెడతారు. హాలియాలోనో చండూరులోనో స్టార్టర్లు బాగుచేసే మెకానిక్‌ను అడగండి, ఆ ఇంటర్‌లాక్ తీగ తీసేసి పెట్టెను ఎవరికైనా ఇస్తాడేమో. ఇవ్వడు. చచ్చినా ఇవ్వడు. ఆ జాగ్రత్త చేతిలో ఉన్న మెకానిక్‌లు మన జిల్లా నిండా ఉన్నారు, కంట్రోలర్ ప్రోగ్రాము రాయగల పిల్లలు కూడా ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవడమే జరగడం లేదు. పాలిటెక్నిక్ ల్యాబుకు ఒక రోజు స్టార్టర్ మెకానిక్‌ను పిలిపించి మాట్లాడిస్తే తప్పేముంది? ఇక్కడ ఒక హెచ్చరిక కూడా, నేను పైన చెప్పిన సర్క్యూట్ 24 వోల్టుల డీసీకి మాత్రమే. దాన్నే కొంచెం పెద్దది చేసి 230కో 415కో కడదామని ఎవరూ పోవద్దు, అక్కడ ప్రాణాలు పోతాయి.

కట్టిన బోర్డును తోటకు తీసుకుపోయే ముందు ఒక పరీక్ష చేయమని అందరినీ కోరుతున్నాను. లారీలకు వాడే 24 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చి 24 లైనులో సీరీస్‌లో పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది తప్ప బోర్డు కాలదు, ఎందుకంటే ఆ బల్బు ఒక ఆంపియర్ లోపలే ఆపేస్తుంది. వాల్వు కట్టకుండా పవర్ ఇచ్చినప్పుడు బల్బు వెలగకూడదు. తర్వాత 12 లైను మీద మీటరు పెట్టి ఉంచి, 24ను ఆన్ చేయించండి. మీటరులో 12 కదలకుండా ఉంటే బోర్డు మంచిది. 15, 18, 20 అంటూ పైకి పాకితే లోపలి డయోడ్ గుండా 24 వెనక్కి వస్తోందని అర్థం, అక్కడే ఆపి షాట్కీ డయోడ్ వేయండి. అయిదు నిమిషాల పని. కాలేజీల్లో ఈ ప్రాజెక్టుకు మార్కులు వేసే సార్లు కూడా రికార్డు పుస్తకం ఎంత మందంగా ఉందో చూడటం కంటే ఈ ఒక్క మీటరు రీడింగ్ చూస్తే బాగుంటుంది. పిల్లవాడు వాల్వు తెరిచి చూపిస్తే సరిపోదు, తెరిచిన క్షణంలో 12 లైను ఎంత ఉందో చూపించాలి.

వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా వచ్చాక రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని మోటరు దగ్గరికి పోయే బాధ మన రైతుకు చాలావరకు తగ్గింది. ఇప్పుడు రైతు చూస్తున్నది నీళ్లు ఏ వరసకు ఎంతసేపు పోవాలన్న దాని వైపు. బోరు నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న మునుగోడు, దేవరకొండ చెలకల్లో ఈ వాల్వు పెట్టెల అవసరం రేపు ఇంకా పెరుగుతుంది. ఒకసారి కొన్న పెట్టె నెలకోసారి కాలిపోతే రైతు దాన్ని పక్కన పడేసి మళ్లీ పారతో కాలువ మళ్లించడానికే పోతాడు, ఆ తర్వాత ఎంత మంచి పెట్టె తెచ్చినా నమ్మడు. నాకున్న టెన్షన్ అదే, నా రిపేరు గిరాకీ గురించి కాదు.

కాబట్టి సంపాదకులకు నా మనవి. పిల్లల ప్రాజెక్టు వార్త వేసినప్పుడు ఫోటో పక్కన సర్క్యూట్ బొమ్మ కూడా అడిగి వేయండి, రెసిస్టర్ ఎంత, డయోడ్ ఏది, మాస్ఫెట్ నంబరు ఏది అన్నీ కనపడేలా. తప్పుంటే నాలాంటివాళ్లు నలుగురు ఉత్తరం రాస్తారు, వచ్చే వారం సరిచేసి వేయొచ్చు. అమ్మేవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి, స్టార్టర్ పెట్టె మూత లోపల వైరింగ్ బొమ్మ అంటించి ఉంటుంది కదా, ఈ వాల్వు పెట్టెల్లో కూడా అలాగే అంటించి ఇమ్మని. ఇప్పుడు చాలామంది ఐసీల మీద నంబర్లు గీకేసి అమ్ముతున్నారు, చెడిపోతే ఊరి మెకానిక్ ఏం చేయాలి?

నేను చెప్పిన షాట్కీ డయోడ్ సర్క్యూట్‌ను, రిలే సర్క్యూట్‌ను తెల్ల కాగితం మీద చేత్తో గీసి దీంతో జత చేస్తున్నాను. చోటు చాలకపోతే ఉత్తరాన్ని ఎంతైనా కుదించండి, బొమ్మను మాత్రం అంకెలు చదవరాకుండా చిన్నది చేయకండి.

ఇట్లు,
ఒక బోర్డుల మెకానిక్,
నల్లగొండ